ఐస్‌క్రీమ్ డబ్బాలోని పొడి

మెలే, ప్రాక్టీసు నుంచి రాగానే ఐస్‌క్రీమ్ డబ్బాలోని ప్రోటీన్ పొడి ముట్టుకోకు. నాకు డ్యూటీకి టైమైపోతోంది, అందుకే రాసి పెడుతున్నా.

కోప్పడకు. మీ రగ్బీ క్లబ్బు ఆహార నిపుణురాలు బ్రాన్విన్ పరీక్ష చేయించి ఇచ్చిన పొడి డబ్బా అడుక్కి వచ్చింది. సోమవారం మీ మామయ్య కొడుకు ఫెలేటి తన జిమ్ము పొడి తెచ్చి, "పారేయడమెందుకత్తా, మెలే తాగుతుందిలే" అన్నాడు. మనింట్లో ఎవరి తిండి ఎవరిదని ఎప్పుడు చూశాం? రెండూ కలిపి ఐస్‌క్రీమ్ డబ్బాలో పోసేశా. బ్యాచ్ నంబరున్న అసలు డబ్బా చెత్తబండిలో పోయింది. మూడు రోజులుగా నువ్వు తాగుతున్నది అదే తల్లీ.

పొద్దున బ్రాన్విన్ ఫోన్ చేసి ఆ నంబరు చదవమంది. ఉన్నది చెప్పేశా. "ఆ జిమ్ము పొడిలో ఆటగాళ్లకు నిషేధించిన మందులుండొచ్చు, ఇక చెంచాడు కూడా తాగొద్దనండి. రాగానే నాకు ఫోన్ చేయమనండి. ఆ పొడి పారేయకండి" అంది. శనివారం మ్యాచ్‌కి డోపింగ్ పరీక్షలవాళ్లు వస్తారా అంటే, "రావచ్చు" అంది.

కలిపింది నేనేనని రాసి సంతకం పెడతానన్నా. "ఎవరు కలిపినా, జవాబు చెప్పాల్సింది తాగిన అమ్మాయే" అంది. ఇదెక్కడి న్యాయం?

కూర పొయ్యి మీదుంది. ఆకలితో ఉండకు.

— అమ్మ

కూరలో వేసినవి: చేమాకులు, కొబ్బరిపాలు, డబ్బా మాంసం, ఉల్లిపాయ, ఉప్పు. ఇంకేమీ వేయలేదు, ఒట్టు.