అమృత చెప్పని పేరు

హామిల్టన్, న్యూజిలాండ్,
17 ఏప్రిల్ 2016

అక్కకు గిరిధర్ నమస్కరించి రాసేది. ఇక్కడ నేను, నీ మరదలు, పిల్లలు ఒంట్లో కులాసాగానే ఉన్నాం. నువ్వూ బావగారూ కులాసా అని తలుస్తాను.

చలి మొదలైందా అని అడిగావు. మొదలైంది. పిల్లలకు తెలుగు వస్తోందా అన్నావు. అన్నీ అర్థమవుతాయి గానీ జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.

ఇక అమృత సంగతి. ఉద్యోగం మానేసి ఆక్లండ్‌లో న్యూ లిన్‌కి ఎందుకు వెళ్లిపోయిందో చెప్పడం లేదని, "పొగరెక్కిందా దానికి? మేనమామవి, నువ్వన్నా అడుగు" అని రాశావు. పొగరు కాదక్కా. ఎవరికీ చెప్పకూడదని దానిచేత కంపెనీవాళ్లు రాయించుకున్నారు. ఫోన్లో అయితే నేను మాట దాటేస్తాను. అందుకే ఈ ఉత్తరం.

పాలు పితికే యంత్రాల సామాను అమ్మే మా కంపెనీలో, రైతులతో ఫోన్లో మాట్లాడే ఉద్యోగం దానికి ఇప్పించింది నేనే. ఒప్పందం కాగితాలు తెచ్చి "చదివి చెప్పు మావయ్యా" అంది. ఇక్కడి మన పిల్లలందరూ నా దగ్గరికే తెస్తారని నాకో పెద్దరికం. జీతం, సెలవులు చూసి "సంతకం పెట్టెయ్యమ్మా" అన్నాను. ఏ తగువొచ్చినా బయటికి వెళ్లకుండా కంపెనీ పెట్టిన మధ్యవర్తి తీర్పుకే కట్టుబడాలని ఆరో పేజీలో ఉంది. నేను అంతదాకా చదవనే లేదు.

జనవరి చివర్లో మేనేజరు అందరి ముందూ దాన్ని ఫోన్ దగ్గర్నుంచి లేపేశాడు. నీ ఇండియన్ గొంతు వింటే రైతులు ఫోన్ పెట్టేస్తున్నారు, పోయి గోడౌన్లో డబ్బాలు సర్దుకో అన్నాడు. ఇద్దరు నవ్వారు. అది నా వంక చూసింది. నేను కంప్యూటర్ వంక చూశాను.

ఆ సాయంత్రం "కేసు పెడతాను మావయ్యా" అంది. మర్నాడు ప్రభుత్వ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. ఒప్పందంలో ఏం రాసుకున్నా ఇక్కడి చట్టం ముందు అది చెల్లదని, తొంభై రోజుల్లోగా కంపెనీకి ఫిర్యాదు ఇచ్చి నేరుగా ఉద్యోగ తగువులు తీర్చే ప్రభుత్వ అథారిటీకి వెళ్లొచ్చని అక్కడి ఆవిడ విడమరిచి చెప్పింది.

ఇంటికొచ్చి నీ కూతురితో ఏమన్నానో తెలుసా అక్కా? "సంతకం పెట్టావుగా, బయటికి వెళ్లడానికి లేదు" అన్నాను. ఇక్కడే ఉండిపోవడానికి పెట్టుకున్న నా రెసిడెన్సీ కాగితాల మీద ఆ మేనేజరే సంతకం చెయ్యాలి. అందుకని. రాస్తుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. నన్ను నమ్మి అది ఒంటరిగా ఆ మధ్యవర్తి ముందు కూర్చుంది. ఆయన గంటలో అపార్థమని తేల్చి, నోరు విప్పనని కంపెనీ తరఫున రాయించుకుని పంపేశాడు.

న్యూ లిన్‌లో అది ఉంటున్న ఇంటి ఆవిడ కామిని. ఫిజీ నుంచి వచ్చిన తెలుగువాళ్లే, యూనియన్లో పనిచేస్తుంది. ఆవిడే చట్టం సంగతి చెప్పి, గడువు లోపల ఫిర్యాదు పెట్టించింది. నిన్న నాకు ఫోన్ చేసింది.

"మేనేజరు ఆ మాటన్న రోజు అక్కడ ఎవరున్నారని మా లాయర్ అడిగాడు. అమ్మాయి మీ పేరు చెప్పలేదు. మా మావయ్య ఆ రోజు లీవ్ అని చెప్పింది" అంది.

అక్కా, నేను దానికి నాలుగడుగుల దూరంలో ఉన్నాను.

హెల్ప్‌లైన్ సంగతి దానికింకా తెలియదు. రేపు న్యూ లిన్ వెళ్లి ముందు అది చెబుతాను. తలుపు వేసేస్తే వేసెయ్యనీ. అక్కణ్ణుంచి లాయర్ దగ్గరికి వెళతాను. నా రెసిడెన్సీ ఏమవుతుందో తెలియదు. ఈ ఉత్తరం నీకు అందేసరికి, నీ కూతురు నా కోసం అబద్ధం ఆడిందని ఆయనకు నేనే చెప్పేసి ఉంటాను.

ఇట్లు,
నీ ముందు తలెత్తుకోలేని తమ్ముడు,
గిరిధర్