ఒకపక్కే అరిగిన బూటు

అక్కా,

మోకాలు తప్ప మిగతా నేనంతా కులాసా. కంగారుపడకు, విరగలేదు, వాచిందంతే. ఆర్నెల్లుగా పార్కులో రోజూ ఇరవై చుట్లు, ఎప్పుడూ ఎడమ చేతివైపుకే తిరుగుతూ పరిగెత్తాను. నొప్పి మొదలయ్యాక ఆగాల్సింది పోయి ఇంకో ఐదు చుట్లు పెంచాను. మొన్న బూటు కుట్టించుకోబోతే, చెప్పులు కుట్టే పెద్దాయన దాన్ని తిరగేసి చూసి, "ఒకపక్కే అరిగింది. గానుగెద్దులా ఒకేవైపు తిరుగుతున్నావా బాబూ?" అన్నాడు. కిందటిసారి ఇంటికొచ్చినప్పుడు నాన్న నా బూటు చూసి అచ్చం ఈ మాటే అంటే, "మీకేం తెలుసు?" అని అన్నం ముందునుంచి లేచి, చెప్పకుండా బండెక్కేశాను. డాక్టరమ్మ పదిహేను రోజులు పరుగు మానమంది. ఆ తర్వాత పది చుట్లే. ఓ రోజు ఇటు, ఓ రోజు అటు.

బీరువా కింది అరలో నా మోకాలి పట్టీ ఉంటుంది, పంపు. వంటింటి కుళాయి కారడం ఆగిందా? అమ్మకు కళ్లజోడు మార్పించావా? అమ్మకు దణ్ణాలు, చంటిదానికి ముద్దులు.

కార్డు నీ పేరున రాసినా, గేటు దగ్గర అందుకుని ముందు చదివేది నాన్నేనని నాకు తెలుసు. అందుకే కవరు కొనలేదు.

తమ్ముడు