పెద్దబాతుకు చోటుంది, వంటవాడికి లేదు

క్రాన్‌బర్న్, మెల్‌బోర్న్ శివారు,
ఆస్ట్రేలియా.
11 ఆగస్టు 1991, ఆదివారం.

నరసాపురంలో ఉంటున్న మహారాజశ్రీ రిటైర్డు డ్రాయింగు మాస్టారు ఎబెన్ గారి సముఖమునకు,

ఇన్ని సముద్రాల మీదుగా తడవకుండా చేరవలసిన వందనములు. ఇక్కడ మేమంతా ప్రభువు దయవల్ల, మా అమ్మాయి జాక్లిన్ అల్లిన ఉన్ని స్వెట్టరు దయవల్ల క్షేమం. మీకు మామిడికాయలు అయిపోయే రోజుల్లో ఇక్కడ పళ్ళు టకటకలాడే చలి. అవి నా సొంత పళ్ళు కావు గనుక శబ్దం ఇంకాస్త ఎక్కువ.

ఇక ఈ 'గారు' ఇంతటితో సరి. నిన్ను గారు అని రాస్తుంటే తాసీల్దారుకి అర్జీ పెట్టుకుంటున్నట్టుంది.

ఒరేయ్ ఎబెన్, నువ్వు నాతో మాట్లాడటం మానేసి పద్దెనిమిదేళ్ళయింది. కారణం ఇద్దరికీ తెలుసు. మన చర్చి సంఘం నూరేళ్ళ సంచికలో మీ అమ్మగారి పేరు పడలేదు. బోర్డింగులో ముప్పై ఒక్క సంవత్సరాలు మనలాంటి పిల్లలకి వండిపెట్టిన అమృతం పిన్ని పేరు లేకుండా ఆ పుస్తకం వచ్చింది. దాని అక్షరాలు కూర్చింది నేను. పేజీ బిగిస్తుంటే టైపు చెదిరిపోయిందిరా అన్నాను. చెదిరితే మళ్ళీ పేర్చడం నీ పనేగదా అన్నావు. అదే మన ఆఖరి మాట.

ఈ ఉత్తరం చింపే హక్కు నీకుంది. కాకపోతే చివరిదాకా చదివి చింపు. ముందే చింపావంటే కెనడా దేశపు పోర్ట్ ఆల్డర్ రైఫిల్స్ అనే రెజిమెంటు చరిత్ర నీకు ఈ జన్మలో తెలియదు. తెలియకపోతే నీకొచ్చే నష్టమేమీ లేదనుకో. నాకుంది.

మా పక్కింట్లో వాలెస్ పెటిగ్రూ అనే కెనడా ఆయన ఉంటాడు. డెబ్బై ఆరేళ్ళు. యుద్ధంలో మోకాలికి దెబ్బ తగిలితే ఇంగ్లండు ఆసుపత్రిలో కట్టుకట్టిన ఆస్ట్రేలియా నర్సునే పెళ్ళాడి, ఆమె వెంట ఈ దేశం వచ్చేశాడు. ఆవిడ పోయి నాలుగేళ్ళు. నేను మధ్యాహ్నాలు పెరటి వరండాలో పాత టైపు మిషను పెట్టుకుని మన సువార్త పత్రికకి వ్యాసాలు కొడుతుంటాను. వాళ్ళు వేసుకోరు, నేను ఆపను. ఒకరోజు వాలెస్ కంచె మీదుగా తల పెట్టి, ఎవరయ్యా ఇక్కడ మిషన్‌గన్ పేలుస్తున్నది, నేను దుప్పటి కింద దూరాను అన్నాడు. అలా పరిచయం.

అప్పటికి ఆయనో చిక్కులో ఉన్నాడు. సెప్టెంబరులో వాళ్ళ రెజిమెంటుకి నూట పాతికేళ్ళు నిండుతున్నాయి. మిగిలిన ముసలి సైనికులంతా కలిసి, చరిత్ర పుస్తకం రాసే పని ఈయన నెత్తిన పెట్టారు. కాగితాలన్నీ ఈయన ట్రంకు పెట్టెలో ఉన్నాయి. చేతులేమో వణుకుతాయి. నేను కొడతానన్నాను. నీకు ఇంగ్లీషు వచ్చా అని అడిగాడు. నేను బళ్ళో నేర్చుకోలేదు దొరా, సీసపు అక్షరాలు తలకిందులుగా పేర్చి నేర్చుకున్నాను, ఇప్పటికీ అద్దంలో అయితే ఇంకా బాగా అర్థమవుతుంది అన్నాను.

వాళ్ళది మిలీషియా రెజిమెంటట. అదేమిటో అప్పటిదాకా నాకు తెలియదు. నీకూ తెలియదని ధైర్యంగా చెబుతున్నాను. వాళ్ళు పూర్తి సైనికులు కారు. వారమంతా చేపలు పడతారు, రొట్టెలు కాలుస్తారు, బ్యాంకులో కలం గీకుతారు. మంగళవారం సాయంత్రం మాత్రం యూనిఫాం వేసుకుని డ్రిల్లు హాలుకి వస్తారు. అచ్చం మన క్వయర్ ప్రాక్టీసు. గవర్నరు తనిఖీకి వస్తున్నాడంటే హాలు నిండుతుంది, లేకపోతే బాకా ఊదేవాడూ కావలివాడూ ఉంటారు.

1866లో సరిహద్దు దాటి ఎవరో దండెత్తి వస్తున్నారని పుకారు పుట్టి ఈ రెజిమెంటు పుట్టింది. మూడు పగళ్ళూ మూడు రాత్రులూ రేవులో కాపలా కాశారు. శత్రువు రాలేదు, జలుబు వచ్చింది. చరిత్రలో దాన్ని మొదటి దండయాత్ర అని రాసుకున్నారు. 1936లో ప్రభుత్వం వీళ్ళని పక్క ఊరి రెజిమెంటుతో కలిపేసింది. రెండు బ్యాండులు, రెండు పెద్ద డోళ్ళు. ఎవరి డోలు మోగించాలన్న తగువు ఎనిమిదేళ్ళు నడిచిందట. ఎనిమిదేళ్ళా అని వాలెస్ ముందు నవ్వాను గానీ, మన రెండు సంఘాలు కలిసినప్పుడు రెండు హార్మోనియాల సంగతి గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఇంకో వింత ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన బెటాలియన్లు తరవాత రద్దయిపోయాయి. వాటి పరువు ప్రతిష్ఠలన్నీ ఈ మిలీషియా రెజిమెంట్లకి వారసత్వంగా వస్తాయి. ఏది దేనికి వారసురాలో వివరంగా వంశవృక్షం ఉంటుంది. వంశావళి అనగానే నా వేళ్ళు వాటంతట అవే మత్తయి సువార్తలోకి వెళ్ళిపోయాయి. రేవు కాపలా కంపెనీ ఫలానా బెటాలియన్‌ను కనెను, ఆ బెటాలియన్ ఫలానా రెజిమెంటును కనెను అని ఇంగ్లీషులో రెండు పేజీలు కొట్టి ఇచ్చాను. వాలెస్ చదివి కుర్చీలోంచి జారాడు. నవ్వడం అయ్యాక, తీసెయ్యకు గిడియన్, మా వాళ్ళు ఇన్నాళ్ళకి ఏదో ఒకటి కన్నారు అన్నాడు.

ఇలా రోజుకి నాలుగు పేజీలు నడిచింది. మా అల్లుడు జార్జికి మాత్రం విసుగు. మావయ్యగారూ, ఈ ఒక్క ఆర్వో టైపింగ్ ఆపండి, ఫుటీ కామెంటరీ ఒక్క ముక్క వినపడట్లేదు అంటాడు. ఆర్వో అంటే ఇక్కడివాళ్ళ మధ్యాహ్నం, ఫుటీ అంటే వాళ్ళ ఫుట్‌బాలు. మనవరాలు జెన్సీ నేను తెలుగులో అడిగినదంతా అర్థం చేసుకుని ఇంగ్లీషులో కాదంటుంది.

ఇక అసలు సంగతికి వస్తున్నాను. పుస్తకం చివర రెండో యుద్ధంలో పనిచేసినవాళ్ళ జాబితా ఉంది. కంపెనీ వారీగా, పేరు, హోదా, చేసిన పని. 1945లో ఇంటికి వెళ్ళే ఓడ కోసం ఎదురుచూస్తూ వాలెస్ టైపు చేసిన జాబితా అది. అప్పుడాయన కంపెనీ గుమాస్తా. పేర్ల జాబితాని మేం కంపోజిటర్లం కిందినుంచి పైకి దిద్దుతామని నీకు తెలుసుగా. పైనుంచి చదివితే కన్ను అలవాటు కొద్దీ జారిపోతుంది. కిందినుంచి వెళితే ప్రతి పేరూ దారికి అడ్డం నిలబడి పలకరిస్తుంది. అలా వెళుతుంటే బి కంపెనీలో వంటవాడి సహాయకుడు తగిలాడు. పై వరుసలో వంటవాడు ఉండాలి. లేడు. ఉన్నది లాన్స్ కార్పొరల్ డోరిస్.

ఈవిడెవరు, నర్సమ్మా అని అడిగాను.

పెద్దబాతు అన్నాడు.

నిజమేరా. వాళ్ళు ఇంగ్లండులో శిక్షణలో ఉన్నప్పుడు ఒక రైతు ఇచ్చాడట. రెజిమెంటుకి అదృష్టం తెస్తుందని దానికి హోదా ఇచ్చి, రేషను రాసి, పెంపకం వాలెస్‌కి అప్పగించారు. ఖాళీ మందుగుండు పెట్టెలో దాచి ఓడ మీద ఇటలీ దాకా తీసుకెళ్ళాడు. కవాతులో అందరికంటే ముందు నడిచేదట, అదీ అడుగు తప్పకుండా.

మరి వంటవాడి పేరేదీ అన్నాను. ఆ కాగితం మీద టీ ఒలికింది, చెరిగిపోయింది అన్నాడు. మొహం పక్కకి తిప్పుకున్నాడు. నేను నమ్మలేదు. ఎందుకు నమ్మలేదో ఇప్పుడే చెప్పను.

ఆ శనివారం కాస్త ఎండ కాస్తే జార్జి పెరట్లో బార్బీ, అంటే నిప్పుల మీద మాంసం కాల్చే విందు, పెట్టి వాలెస్‌ని కూడా పిలిచాడు. జాక్లిన్ మన పద్ధతిలో అల్లం వెల్లుల్లి దట్టించిన కోడి ముక్కలు కాల్పించింది. అంకుల్, ఒక్క పీసైనా తీసుకోండి అని జార్జి బతిమాలాడు. నేను పక్షి మాంసం ముట్టను అన్నాడు వాలెస్. ఎప్పటినుంచి అని జాక్లిన్ అడిగింది. నలభై మూడు క్రిస్మస్ నుంచి అన్నాడు. ఆ మాట అని పళ్ళెం కింద పెట్టేశాడు. నేను ఆయన్ని నిమ్మచెట్టు దగ్గరికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను.

అప్పుడు చెప్పాడు. ఆ డిసెంబరులో ఇటలీలో బురద, వాన, పన్నెండు రోజులుగా గట్టి బిస్కెట్లు తప్ప తిండి లేదు. క్రిస్మస్ నాడు వంటవాడు క్లైడ్ మోషర్ ఎక్కణ్ణించో వేడి కూర తెచ్చి, మనిషికి గరిటెడు వడ్డించాడు. వాలెస్ తిని, క్లైడ్, నువ్వు దేవుడివయ్యా అని రెండోసారి కూడా పెట్టించుకున్నాడు. పళ్ళెం నాకి, డోరిస్‌కి నాలుగు బిస్కెట్ ముక్కలు పెడదామని వెళ్ళి చూస్తే పెట్టె ఖాళీ.

చెప్పకుండా వండాడు గిడియన్ అన్నాడు. చెబితే ఇచ్చేవాడివా అన్నాను. ఇచ్చేవాణ్ణి కాను అన్నాడు. అయినా నా బాధ వాడు వండినందుకు కాదు, నేను రెండోసారి అడిగినందుకు అన్నాడు. ఆ కోపం ఎవరిమీద తీర్చుకోవాలో తెలియక, జాబితా కొడుతున్నప్పుడు క్లైడ్ పేరు వదిలేసి అక్కడ డోరిస్‌ని కూర్చోబెట్టాడు. నలభై ఆరేళ్ళుగా కెనడాలో పాత సైనికులు కలుసుకున్న ప్రతిసారీ క్లైడ్ వచ్చి, జాబితాలో తన పేరు వెతుక్కుని, ఏమీ అనకుండా భోజనాల దగ్గర సాయం చేసి వెళ్ళిపోయేవాడని మిగతావాళ్ళు ఈయనకి రాశారట. ఇప్పుడు ఏదో వృద్ధాశ్రమంలో ఉన్నాడని విన్నానన్నాడు.

ఇంకేం చేస్తాం. చేతులు వణికే మనిషిని కూర్చోబెట్టి ఉత్తరం రాయించాను. సాకులు వద్దు, టీ మాట అసలే వద్దు అన్నాను. రాశాడు. క్లైడ్ మోషర్ పేరు డోరిస్ పై వరుసలో చేర్చి మళ్ళీ కొట్టాను. డోరిస్‌ని తీసేద్దామా అంటే, వద్దు, ఆవిడా రెజిమెంటుకి చేయగలిగినంత చేసింది అన్నాడు.

మూడు వారాలకి జవాబొచ్చింది. వాలెస్ కవరు చింపలేక నా చేతికిచ్చాడు. అందులో రెండే వాక్యాలు. డోరిస్ మాంసం చాలా గట్టిది, ఎంత ఉడికించినా లొంగలేదు. నీకు రెండోసారి వడ్డించింది నా వాటా.

వాలెస్ ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తరవాత కళ్ళద్దాలు తుడుచుకుంటూ, నీకూ ఇలాంటి ఉత్తరం రాయాల్సినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. ఎవరూ లేరన్నాను. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాను. జాక్లిన్ కొంచెం పెరుగన్నం వేయనా నాన్నా అంది. వద్దని కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాను.

పుస్తకం ఇక్కడే ఒక చిన్న అచ్చుకూటంలో వేయించాం. ఒక ప్రతి ఈ ఉత్తరంతో పాటే పార్శిలు చేస్తున్నాను. మీ ఇంట్లో అందరికీ మా దీవెనలు. నీకున్నదని విన్న మోకాళ్ళ నొప్పికి వాలెస్ ఏదో తైలం చెప్పాడు గానీ, ఆయన మోకాలు చూశాక అది రాయాలనిపించలేదు.

నువ్వు చింపకుండా ఇంతవరకూ వచ్చి ఉంటే, నీ పాత బోర్డింగు పక్కపరుపు వాడు,
గిడియన్

తా.క. టైపు చెదరలేదురా.

మన సంచికలో ఆ పేజీ అడుగున రెండు వరుసలకే చోటుంది. అందులో పిన్ని పేరు నేనే కూర్చాను: "బోర్డింగులో ముప్పై ఒక్క సంవత్సరాలు వంట చేసిన శ్రీమతి అమృతం గారికి సంఘపు కృతజ్ఞతలు." పుస్తకం నిండా అందరి పేర్లూ ఉన్నాయి, కూర్చినవాడి పేరు లేదు. ఇరవై రెండేళ్ళు ఆ ప్రెస్సులో ఊరందరి పేర్లూ పేర్చాను, నాది ఒక్కసారీ పడలేదు. ఆ రెండు వరుసలూ ఊడదీసి, "అక్షరాలు కూర్చినది పి. గిడియన్" అని బిగించాను. అందుకే వాలెస్ చెప్పిన టీ కథ వినగానే గుర్తుపట్టాను. బోర్డింగులో నేను రెండోసారి కంచం చాపితే పిన్ని ఒక్కనాడూ లేదనలేదు. అది ఎవరి వాటాయో నేనెప్పుడూ అడగలేదు.

ఇప్పుడీ కెనడా పుస్తకం ఆఖరి పేజీ తెరువు. టైపు చేసినవాడి పేరు వేసుకోమని వాలెస్ నాకు రెండు వరుసల చోటిచ్చాడు. అప్పుడు ఆయనకి పిన్ని సంగతంతా చెప్పాను. అక్కడ ఇంగ్లీషులో ఇలా ఉంటుంది: నరసాపురం బోర్డింగులో ముప్పై ఒక్క సంవత్సరాలు వంట చేసిన శ్రీమతి అమృతం గారికి కృతజ్ఞతలతో.

ప్రూఫు చూసిన రిటైర్డు కల్నల్ ఒకాయన కెనడా నుంచి రాశాడు: ఈ అమృతం గారు ఏ కంపెనీలో పనిచేశారు, జాబితాలో ఎక్కడా కనబడలేదే అని. నన్ను అడగకుండానే వాలెస్ జవాబు రాసి పోస్టు చేసేశాడు. అది అక్షరాలు కూర్చినవాడి తప్పు, ఆలస్యంగా సరిదిద్దుకున్నాడు అని.