గంజి పెట్టిన బ్రష్షులు

ఫిబ్రవరి 6, 2023
చిట్యాల పెళ్లికూతురికి బుగ్గల నిండా పొక్కులు. నా మేకప్ బ్రష్షుల వల్లేనట. వాటిని ఎన్నడన్న కడిగినవానే స్వర్ణా అని పార్లర్ మల్లీశ్వరక్క అందరి ముందే అడిగింది. కడగలేదు. పదిహేనున భువనగిరిల సింధూజ పెళ్లున్నది, గా పెళ్లి గూడ చెడగొడితే మల్ల నా గడప తొక్కకు అంది. నాకు ఇంకో పని రాదు. అవ్వ మగ్గం అమ్మి ఈ కోర్సు నేర్చుకున్నాను.

ఫిబ్రవరి 7
యూట్యూబ్ చూసి మొదలుపెట్టాను. గోరువెచ్చని నీళ్లు, బేబీ షాంపూ, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్. ఛీ, ఎంత మురికి! చివర్లో వెనిగర్ నీళ్లట. మా పోచంపల్లి ఇంట్లో వెనిగరెక్కడిది, నిమ్మకాయ పిండాను. వేడినీళ్లు మాత్రం వద్దట, లోపలి జిగురు కరుగుతుందట.
అవ్వ పక్కనే పీట వేసుకుని కూర్చుంది. నూలు గూడ గిట్లనే కడుగుదుము బిడ్డా అంది. తర్వాత ఖాళీ జాగా చూసి మగ్గమేడ పోయిందని అడిగింది. రోజుకు నాలుగుసార్లు అడుగుతుంది. రిపేరుకు పోయిందని చెబుతాను.

ఫిబ్రవరి 8
ఆరాయి. ఎంత మెత్తగా ఉన్నాయో! బుగ్గకు రాసుకుని పిచ్చిదానిలా నవ్వుకున్నాను.

ఫిబ్రవరి 14
అన్నీ మళ్లీ కడిగి, టవల్ మీద ఆరబెట్టి, సింధూజకు ఫేషియల్ చేయడానికి వెళ్లొచ్చాను. రేపే.

ఫిబ్రవరి 15, పొద్దున అయిదు
పన్నెండు బ్రష్షులూ కట్టెపుల్లల్లా ఉన్నాయి. నిన్న నేను లేనప్పుడు అవ్వ గంజి పెట్టింది. కడిగిన నూలుకు గంజి వెట్టకుంట ఎవరన్న ఎండేస్తరానే అని నన్నే తిట్టింది. అరిచాను. అవ్వ మీద ఎన్నడూ అరవలేదు. తొందరలో వేడినీళ్లలో ముంచాను. వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా చేతికొస్తున్నాయి.

అదే రోజు, సాయంత్రం
స్పాంజి ముక్కతో, వేళ్లతో వేశాను. ముఖమంతా చారలు. సింధూజ అద్దం చూసుకుని ఏడ్చింది. వాళ్లమ్మ తడిగుడ్డతో మొత్తం తుడిచేసి ఉత్త పౌడర్ రాసింది. మల్లీశ్వరక్క తిట్టలేదు. పార్లర్ తాళంచెవి ఆడ వెట్టిపో అంది, అంతే.

ఫిబ్రవరి 16
ఏమీ లేదు.

ఫిబ్రవరి 19
నేను అరిచింది అవ్వకు గుర్తే లేదు. నూలెప్పుడొస్తది బిడ్డా అని అడుగుతోంది. చేతులు నూలు దువ్వుతున్నట్టు ఊరికే కదులుతుంటాయి.

ఫిబ్రవరి 20
పొద్దున గంజి కాచి, వెంట్రుకలు ఊడగా మిగిలిన బ్రష్షులు అవ్వ ఒళ్లో పెట్టాను. ఒక్కోటీ ముంచి, పిండి, వేళ్లతో దువ్వి ఎండకు పెట్టింది. మగ్గం రేపొస్తదా అంది. వస్తదన్నాను.
సాయంత్రం అన్నీ షాంపూతో కడిగి ఆరబెట్టాను, రేపు మళ్లీ అవ్వ ఒళ్లో పెట్టడానికి.