కాలర్ లేని మెడలు

యూసుఫ్,

నువ్వు పోయి నేటికి ఏడాది. కార్ఖానా ఏరియాలో మన జియుజిట్సు కుస్తీ క్లాసులో ఇప్పుడు ఎవరూ ఆ మందపాటి తెల్ల కోటు తొడగడం లేదు. అందరూ ఒంటికి అతుక్కునే టీషర్టులే. యాభై రెండేళ్లొచ్చాక నేనూ ఒకటి కొన్నాను. పొట్ట దాగడం లేదు.

నాకు వచ్చిందల్లా ఒక్కటే కదా, ఎదుటివాడి కాలర్‌లో నాలుగు వేళ్లు దూర్చి మెడ బిగించడం. పదేళ్లు నీ మెడ మీదే నేర్చుకున్నాను. ఈ ఉదయం కూడా నా చెయ్యి దానంతటదే కోచ్ నవీన్ మెడ దగ్గరికి పోయింది.

"సర్, ఆడ పట్టుకోనీకె ఏం లేదు. చంక కిందికెళ్లి చెయ్యి పెట్టుండ్రి" అన్నాడు.

పెట్టాను. చెయ్యి మళ్లీ మెడకే పోయింది. నాలుగోసారి అతను నాకోసం మెల్లగా కదలడం మొదలుపెట్టాడు. నువ్వైతే తిట్టేవాడివి.

అక్కణ్ణుంచి మీ ఇంటికి వెళ్లాను. నీ కోటు ఇమ్మని భాభీని అడగాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. కుడివైపు కాలర్ మీద, నా వేళ్లు పట్టీ పట్టీ పీచులేచిన చోటు ఉంది కదా. అడక్కముందే ఆమె ఇస్త్రీ చేసిన కోటు నా చేతిలో పెట్టింది.

"కాలర్ మొత్తం చినిగిపోయుండె భయ్యా. మీకు ఇయ్యాలె గదా అని రెజిమెంటల్ బజార్ల టైలర్‌తోని కొత్తది ఏయించిన. మంచిగుందా?"

వేళ్లతో తడిమి చూశాను. నున్నగా ఉంది. పాతది ఏం చేశారని అడగలేకపోయాను.

"మస్తుగుంది భాభీ" అన్నాను.