అడుగున ఏం వేశానంటే

శ్రీమతికి,

ఇక్కడ నేనూ అమ్మా బాగున్నాం. నువ్వూ బాగున్నానని రాశావు కాబట్టి నమ్ముతున్నాను. కవరుకి మాత్రం ఒక పక్క జిగురు ఎక్కువైంది. ఎవరైనా విప్పి మళ్ళీ అంటించారేమోనని లైటుకి పట్టి చూశాను. ఏమీ తేలలేదు. అయినా వచ్చేసారి కవరు నువ్వే అంటించు, ఇంకొకరి చేతికివ్వకు.

నేను ఫోన్ చేస్తే పోలీసు స్టేషన్లో కూర్చున్నట్టుంటుందనీ, ఉత్తరమైతే ప్రశ్నకీ ప్రశ్నకీ మధ్య నాలుగు రోజులు ఊపిరి పీల్చుకోవచ్చనీ ఆ ఊరి స్కూలుకి వెళ్ళేముందు నువ్వే అన్నావు. ఎనిమిది నెలలైనా ఆ మాట గొంతులో ముల్లులాగే ఉంది. అయినా బుద్ధిగా రాస్తూనే ఉన్నాను. ఈసారి ప్రశ్నలన్నీ నీవే. వరసగా జవాబు చెబుతాను. ఆ మంగళవారం ఫోన్ ఎందుకు తియ్యలేదన్నదీ, మీ స్కూల్లో ఇంకో ఏడాది ఉండమంటున్నారు ఏం చెయ్యనన్నదీ, ఈ రెండూ చివర్లో.

అమ్మ దగ్గు తగ్గింది. మందుల షాపతను ఇచ్చిన సీసా మూత ముందే తిప్పినట్టు అనిపించి వెనక్కిచ్చి వేరేది తెచ్చాను. మిల్లు బయట కూడా డ్యూటీ చేస్తారా అని వెక్కిరించాడు. చెయ్యకపోతే ఎలా? ముప్పై ఏళ్ళుగా కింద లైటున్న గాజు బల్ల మీద బట్ట లాగుతూ, ఇంకొకళ్ళు బాగుందని పంపినదాంట్లో తప్పు పట్టడమే కదా నా పని. లోకానికి అనుమానం పెనుభూతం, నాకు అదే జీతం. మిల్లులో నన్ను భూతద్దం అంటారని నీకు తెలుసు. అది పొగడ్తో కాదో మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇక నీ చేపల తొట్టి, అడుగున చివరికి ఏం వేశావని అడిగావుగా. అడుగునున్న నీలం రంగు రాళ్ళలో మొక్క ఒక్కటీ నిలవడం లేదని నేను రాస్తే, ఆమధ్య ఉత్తరంలో నువ్వు మొక్కలకి పనికొచ్చేది, తక్కువ ఖర్చులో అయ్యేది వేరే ఏదైనా వెయ్యమన్నావు. అంతటితో ఊరుకున్నావా? మీ ల్యాబ్ మాస్టారి చేత కాగితం రాయించి కవర్లో పెట్టావు. ఆ గుండ్రటి అక్షరాలు, ఆ నింపాది, ఎక్కడా ఒక్క కొట్టివేత లేకపోవడం! ఆయన చెబుతుంటే నువ్వు రాసుకోవచ్చుగా? పిల్లలకి అక్షరాలు దిద్దించేదానివి, నీకు రాయడం రాదా? పైగా "వేశాక నెల రోజులు కదపొద్దు" అన్న చివరి మాట కింద రెండు గీతలు. అందరికీ అలాగే గీస్తాడా, నా సంగతి నువ్వేమైనా చెప్పావా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉందంటావేమో. అనుకో.

ఆ కాగితం ప్రకారం చెయ్యకూడదనే రెండు వారాలు తిరిగాను. ముందు చేపల షాపుకి వెళ్ళాను. నల్లటి మట్టి ఉండల సంచి చూపించి, మన మూడడుగుల తొట్టికి మూడు పడతాయన్నాడు. మూడింటి ధర నా జీతంలో పావు వంతు. మామూలు మట్టినే ఉండలు చుట్టి, పైన చేప బొమ్మ వేసి అమ్ముతున్నాడని నా అనుమానం. లోపల ఏముందని అడిగితే కంపెనీ రహస్యం అన్నాడు. రహస్యం అన్నాక ఇంకేం కొంటాను, గ్లాసుడు నీళ్ళు తాగి వచ్చేశాను.

తర్వాత వీధి చివర ఇల్లు కడుతున్నచోట ఇసుక అడిగాను. ఊరికే తీసుకెళ్ళమన్నాడు మేస్త్రి. ఊరికే ఇస్తున్నాడంటే ఏదో ఉండాలి కదా. మా రంగుల సెక్షన్ పెద్దాయన చెప్పింది గుర్తొచ్చి గుప్పెడు ఇసుక మీద వెనిగర్ పోస్తే బుసబుసా పొంగింది. పొంగిందంటే సున్నం ఉన్నట్టు, అది నీళ్ళలో దిగితే మొక్కలకి పడదు. ఆ రోజు నుంచి జేబులో వెనిగర్ సీసా పెట్టుకునే తిరిగాను. ఒకరోజు మూత ఊడి ప్యాంటంతా పులుపు వాసన. మిల్లులో నా పక్క బల్లవాడు మధ్యాహ్నం దాకా తన టిఫిన్ డబ్బానే వాసన చూసుకున్నాడు. చివరికి నీళ్ళ ఫిల్టర్లలో వేసే ఇసుక దొరికింది. చవక. నాలుగుసార్లు వెనిగర్ పోసినా ఉలుకూ పలుకూ లేదు. ఒట్టి ఇసుకే పరిచి మొక్కలు గుచ్చాను. వారం తిరక్కుండా ఆకులు పసుపెక్కాయి. ఇసుకలో తిండేముంటుంది?

అప్పుడిక ఆ కాగితం తీయక తప్పలేదు. నువ్వు అడిగిన మంగళవారం గడిచి, బుధవారం మొదలుపెట్టాను. ఎరువు కలవని తోటమట్టి తెచ్చి జల్లించాను. మూడుసార్లు నానబెట్టి, పైకి తేలిన చెత్తా చెదారం నీళ్ళతో సహా వంపేశాను. అంగుళం మందాన మట్టి, దాని మీద కడిగిన ఇసుక అంగుళన్నర. నీళ్ళు పోసేటప్పుడు ఇసుక చెదరకుండా కంచం బోర్లించి దాని మీద పొయ్యమన్నాడు ఆయన, అలాగే పోశాను. తేటగా నిలిచాయి. ఆయన చెప్పింది సరిగ్గా కుదిరినందుకు ఆ పూట నాకు అన్నం సహించలేదు. చేపలు ప్లాస్టిక్ టబ్బులో క్షేమం, రోజుకి రెండుసార్లు లెక్కపెడుతున్నాను.

కుదిరాక ఊరుకోవాలి కదా. వేరు పట్టిందో లేదోనని మర్నాడు ఒక మొక్క పీకి చూశాను. పట్టలేదు. మళ్ళీ గుచ్చాను. ఆ మర్నాడు ఇంకోటి. అయిదో రోజుకి అడుగు మట్టి ఇసుకలోంచి పైకి లేచి తొట్టంతా కషాయంలా అయింది, మొక్కలు నీళ్ళ మీద తేలాయి. అమ్మ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. నాటినదాన్ని రోజూ పీకి చూస్తే అదెక్కడ బతుకుతుందిరా, నీకు చూడటం తప్ప ఉంచడం రాదు అంది. నీళ్ళు మార్చి, అడుగు సర్ది, మళ్ళీ నాటాను. తొమ్మిది రోజులైంది, చెయ్యి పెట్టలేదు. అబద్ధమెందుకు, బయటి నుంచి టార్చి వేసి చూశాను. గాజు పక్కన మట్టిలో తెల్లగా దారప్పోగులాంటిది కనపడింది. అది వేరు అనే అనుకుంటున్నాను. పురుగు కూడా కావచ్చు.

ఇంతసేపూ మట్టీ ఇసుకా అని నీకు కథలు చెబుతున్నది ఎందుకో నీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఇక దాటవెయ్యను.

ఆ మంగళవారం ఫోన్లో ఛార్జింగ్ లేదని పోయిన ఉత్తరంలో రాశాను. ఉంది. నేను బస్సులో ఉన్నాను, మీ స్కూలున్న ఊరి నుంచి తిరిగొస్తున్న బస్సులో.

పంటి నొప్పని మిల్లుకి సెలవు పెట్టాను, మా అక్క ఇంటికని అమ్మకి చెప్పాను. అయిదు గంటలు కూర్చుని మీ ఊళ్ళో దిగాను. మీ క్వార్టర్సు ఎదురుగా జిరాక్స్ షాపుంది కదా, దాని అరుగు పక్కన నిలబడ్డాను. ప్రహరీ పొట్టిది, దాని వెనక ఉన్న వరండా అంతా కనిపిస్తుంది. ఆ చేతిరాత మనిషిని చూడాలని వచ్చాను. నీతో ఎలా మాట్లాడతాడో చూడాలని వచ్చాను. ఇంత రాశాక ఇంకా సిగ్గెందుకు, నిన్ను పట్టుకుందామనే వచ్చాను.

స్కూలుకి పెద్ద తొట్టి పెడుతున్నట్టున్నారు. మాస్టారు ప్యాంటు మడుచుకుని మట్టి జల్లిస్తున్నాడు. ఆయన భార్య కాబోలు, చెంబుతో నీళ్ళు పోస్తోంది. నువ్వు మెట్టు మీద కూర్చుని ఇసుక కడుగుతున్నావు. గంటంబావు చూశాను. బల్ల మీద బట్టకి అంతసేపు తప్పు దొరక్కపోతే ముద్ర వేసి పంపేస్తాం. నేను ముద్ర వెయ్యలేకపోయాను. ఇంకాసేపు చూస్తే దొరుకుతుందనిపించింది. దొరకనందుకు కోపం కూడా వచ్చింది. నా భార్య ఏ తప్పూ చెయ్యనందుకు నాకు కోపం వచ్చింది, అలాంటి మనిషిని నేను.

అప్పుడు ఆవిడేదో అంది, నువ్వు నవ్వావు. మనింట్లో నవ్వు వచ్చినప్పుడు నువ్వు ముందు ఒకసారి నా మొహం చూస్తావు. పదహారేళ్ళుగా చూస్తూనే ఉన్నావు, నాకు ఆ రోజే తెలిసింది. అక్కడ నువ్వు ఎవరి మొహమూ చూడలేదు. చేతిలో ఇసుక జారిపోతున్నా పట్టించుకోకుండా నవ్వావు. పిలుద్దామని నోటిదాకా వచ్చింది. పిలిస్తే ఆ నవ్వు ఆగిపోతుందని తెలుసు, అందుకే పిలవలేదు. తిరుగు బస్సులో ఏడ్చాను. పక్క సీటావిడ నాకు ప్రయాణం పడటం లేదనుకుని నిమ్మకాయ చేతిలో పెట్టింది.

నువ్వు కోప్పడతావు. కోప్పడు. కానీ ఈ ఉత్తరం ల్యాబ్ మాస్టారికి మాత్రం చూపించకు. చూశావా, ఇంకా పోలేదు నా బుద్ధి.

ఇంకో ఏడాది ఉండమంటున్నారని నువ్వు రాసిన వాక్యం పదిసార్లు చదివాను. రమ్మంటే వచ్చేద్దామని అడిగావో, ఉండమంటే బాగుండునని అడిగావో ఎంత చూసినా తేలలేదు. మొదట ఒక ఉత్తరం రాశాను, అందులో ఒకటే మాట, వచ్చెయ్యి అని. అది చింపేశాను. ఉండు. పెద్దమనసుతో అంటున్నాననుకోకు, ఈ మాట రాస్తుంటే లోపల ప్రాణం కొట్టుకుంటోంది. నువ్వు అలా నవ్వడం మనింట్లో కూడా వినాలని ఉంది నాకు. దానికి నేనేం చెయ్యాలో తెలియదు. నీకు తెలిస్తే రాయి, చేస్తాను.

ఈసారి వచ్చేముందు రోజు చెప్పి వస్తాను. ఎదురుగా రోడ్డు మీద నిలబడను, తలుపు కొడతాను. తియ్యాలో వద్దో నువ్వు చూసుకో.

ఇట్లు,
నీ భర్త