నిమ్మకాయ ఊటలో రెండు ముక్కలు

ఎల్బీనగర్

చి.ల.సౌ. తేజస్వినికి,

అత్తయ్య దీవెనలు. మీ మామయ్య మోకాలి నొప్పి తప్ప ఇక్కడ అందరం కులాసా. విశాఖలో ఆ స్టీలు పరీక్షించే ఉద్యోగంలో పడి కూడా నువ్వు వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను. ఫోను చేస్తే పక్కనే మీ ఆయన ఉపేంద్ర చెవి ఒగ్గి కూర్చుంటాడు, అందుకే ఈ ఉత్తరం.

డబ్బా ఏమైందని అడిగావు. ఊరగాయ జాడీ పగిలిందని దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ స్టీలు డబ్బా కొన్నప్పుడు అయస్కాంతం పెట్టి మరీ చూశాను. అంటుకోలేదు. మంచి స్టీలేనని మురిసిపోయి, దాని మీద నీ పేరు చెక్కించాను. నువ్వేమో సెలవుకి వస్తూనే, నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన నాసిరకానికైనా అయస్కాంతం అంటుకోదు, అందులో ఊరగాయ పెట్టొద్దన్నావు. నా ఊరగాయకే వంక పెడతావా అని ఒళ్ళు మండింది. ఆ కోపంతోనే ఊరగాయ అందులోంచి తీయలేదు.

అయినా నువ్విచ్చిన రెండు స్టీలు ముక్కల్నీ సీసాలో నిమ్మకాయ ఊటలో వేసి ఉంచాను. మొన్న తీసి కడిగాను. కాస్త మాలిబ్డినం కలిపారన్న ముక్క వేసినప్పటిలాగే మెరుస్తోంది. డబ్బాలాంటి స్టీలు ముక్క నిండా సూదితో పొడిచినట్టు గుంటలు, చుట్టూ తుప్పు. పులుపూ ఉప్పూ కలిస్తే ఇంత పని చేస్తాయా తల్లీ! పరుగున వెళ్ళి డబ్బా అడుగు చూస్తే అక్కడా అంతే. ఆ ఊరగాయే పక్కింటి కృష్ణకుమారి కోడలికి, నెలలు నిండిన పిల్లకి, పంపబోయాను. అంతా పారబోశాను.

డబ్బా వాపసు తీసుకోమంటే కొట్టు భిక్షపతి నవ్వాడు.

"పేరు కొట్టినంక ఇంకెవరు కొంటరమ్మా? తేజస్విని అనేటామె ఇంకొకామె ఏడ దొరుకుతది?"

నిజమేననుకుని తెచ్చి బియ్యం పోసుకున్నాను. ఊరగాయకి కొత్త జాడీ కొన్నాను.

ఇక నీ అసలు ప్రశ్న. ఉపేంద్ర రమ్మంటున్నాడు, ఉద్యోగం మానెయ్యనా అత్తయ్యా అని రాశావు. రమ్మంటున్నది వాడు కాదమ్మా. వాడి చేత అనిపిస్తున్నది నేను. నువ్వు లేక ఇల్లు బోసిగా ఉంది. నీ గది తలుపు తీసినప్పుడల్లా ఏడుపొస్తుంది. కానీ ఆ ముక్కలు చేతిలో పట్టుకున్నాక నీ పని ఏమిటో తెలిసింది. దాన్ని మానమని ఏ నోటితో చెప్పను?

మానకు. ఉపేంద్రకీ అదే చెప్పాను. వచ్చే వారం కొత్త ఊరగాయ పట్టుకుని వాడే వస్తాడు.

ఇట్లు,
రమ్మనాలని ఉన్నా రావద్దంటున్న
మీ అత్తయ్య,
నాగేశ్వరి